మల్లె, మందారం, కనకాంబరం: చిన్న గ్రీన్‌హౌస్‌లో చలికాలం దాటించడం, కొత్త మొక్కలు కట్టడం

ఎడిసన్ మల్లి (న్యూజెర్సీ), సెప్టెంబరు 12

నమస్కారమండీ. ఈ వేసవిలో పెరట్లో చిన్న గ్రీన్‌హౌస్ పెట్టించుకున్నాం. ఆరడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు. గోడలూ కప్పూ 6 మిల్లీమీటర్ల రెండు పొరల పాలీకార్బొనేట్. ఇన్నేళ్లూ చలి మొదలవగానే కుండీలన్నీ హాల్లోకి చేరేవి, వసంతం వచ్చేదాకా మాకు కిటికీ కనిపించేది కాదు. పిండినల్లి కర్టెన్ల మీదికి ఎక్కాక ఇంట్లో తీర్మానం అయిపోయింది: ఈసారి ఒక్క కుండీ కూడా గడప దాటి లోపలికి రాకూడదు.

ఉన్నవి ఇవి: మామూలు మల్లె, బొడ్డుమల్లె, నా ఎత్తు పెరిగిన ముద్దమందారాలు, నేలలో ఒక వరుస కనకాంబరం, నందివర్ధనం, నూరువరహాలు, కుండీల్లో చామంతి, మడిలో డాలియాలు. 1500 వాట్ల ఎలక్ట్రిక్ హీటరు కొన్నాను. లోపల 65 డిగ్రీలు ఉంచితే మన ఊరి శీతాకాలంలా ఉంటుంది, అన్నీ బతుకుతాయి, సంక్రాంతికి మల్లె కూడా పూస్తుందని నా ఆశ. కొమ్మలు కోసి కొత్త మొక్కలు కట్టడానికి ఇది సమయమేనా?

మిషిగన్ మందారం, సెప్టెంబరు 12

ఆశకు అభ్యంతరం లేదు. కానీ సంక్రాంతికి మల్లెపూలు మాత్రం బజార్లో కొనుక్కోండి.

మీ జాబితాలో ఉన్నవన్నీ ఒక తీరు మొక్కలు కావు. డాలియా పూర్తిగా నిద్రపోతుంది. దానికి గ్రీన్‌హౌస్ కూడా అవసరం లేదు, దుంప తవ్వి బేస్‌మెంట్‌లో పెడితే చాలు. మల్లె, మందారం, నందివర్ధనం కునుకు తీస్తాయి. ఎదుగుదల ఆగిపోతుంది, కొంత ఆకు రాలుస్తాయి, కానీ వేరు గడ్డకట్టకుండా చూస్తే వసంతంలో లేస్తాయి. కనకాంబరం, నూరువరహాలు అసలు కన్ను మూయవు. 13 సెల్సియస్ కిందికి దిగితే కనకాంబరం ఆకు నల్లబడి రాలడం మొదలవుతుంది. నూరువరహాలు ఇంకా సుకుమారం, 15 కావాలి.

ఆ రెండింటి కోసం గ్రీన్‌హౌస్ మొత్తం వేడిచేయడం అంటే ఒక్క పిల్లాడికి జ్వరం వచ్చిందని ఊరందరికీ కషాయం తాగించడం. గ్రీన్‌హౌస్‌ను 7 దగ్గర ఉంచండి. కనకాంబరానికీ నూరువరహాలకూ వేరే ఏర్పాటు చూద్దాం.

నిర్వాహకుడు, సెప్టెంబరు 12

మనవి: ఈ చర్చలో డిగ్రీలన్నీ సెల్సియస్‌లో రాయండి. ఫారెన్‌హీట్, సెల్సియస్ కలిసిపోయి పోయినేడు ఒక చర్చ గందరగోళమైంది. ఎడిసన్ మల్లి గారి 65 అంటే 18.

లెక్కల మాస్టారు (షికాగో దగ్గర), సెప్టెంబరు 13

1500 వాట్ల హీటరుతో 18 ఎందుకు కుదరదో ఒకసారి లెక్క వేసుకుందాం. ఇది వేశాక వాదన ఉండదు.

మీ గ్రీన్‌హౌస్ గోడలూ కప్పూ కలిపి సుమారు 20 చదరపు మీటర్లు అనుకోండి. 6 మిల్లీమీటర్ల రెండు పొరల పలక గుండా, లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉంటే, చదరపు మీటరుకు దాదాపు మూడున్నర వాట్ల వేడి పోతుంది. అంటే ఒక్కొక్క డిగ్రీకి 70 వాట్లు. మీది అమెరికా వ్యవసాయ శాఖ పటంలో జోన్ 7. ఏడాదిలో అతి చల్లని రాత్రి మైనస్ 12కూ మైనస్ 18కూ మధ్య ఉండే ప్రాంతం. మైనస్ 13 రాత్రి లోపల 7 నిలపాలంటే 20 డిగ్రీల తేడా, 1400 వాట్లు. మీ హీటరు సరిగ్గా సరిపోతుంది. అదే రాత్రి 18 నిలపాలంటే 31 డిగ్రీలు, 2170 వాట్లు. మీ హీటరు మూడు వంతుల్లో రెండు వంతులు మాత్రమే ఇవ్వగలదు. తలుపు సందుల్లోంచి పోయే వేడి ఇందులో కలపలేదు.

పోనీ ఇంకో హీటరు పెడదామంటే ఇక్కడి 15 ఆంపియర్ల లైను మీద రెండు పెట్టలేరు, బ్రేకరు పడిపోతుంది. పొడవాటి ఎక్స్‌టెన్షన్ తీగతో ఇంట్లోంచి కరెంటు లాగే ఆలోచన అసలే వద్దు. తడి నేల, వేడెక్కిన తీగ, ఎవరూ చూడని అర్ధరాత్రి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ప్రత్యేకమైన లైను, నేలలోకి కరెంటు పారితే వెంటనే ఆగిపోయే సాకెట్టు పెట్టించుకోండి.

ఇక ఖర్చు. బయట సగటున మైనస్ 3 ఉండే మామూలు జనవరి రాత్రి, 14 గంటలు. లోపల 7 అయితే దాదాపు 10 యూనిట్లు. యూనిట్ 18 సెంట్లు అనుకుంటే రాత్రికి డాలరు 80 సెంట్లు. లోపల 18 అయితే 20 యూనిట్లు దాటుతాయి, పగలు కూడా హీటరు ఆగదు.

ఎడిసన్ మల్లి, సెప్టెంబరు 13

మాస్టారూ, మీ లెక్క మా వారికి చదివి వినిపించాను. చాలా సంతోషించారు, అదే నా బాధ. సరే, 7 అనుకుందాం. ఇంకా తగ్గించే మార్గం ఏమైనా ఉందా?

లెక్కల మాస్టారు, సెప్టెంబరు 13

ఉంది. ఉత్తరం వైపు గోడకు లోపలి నుంచి మందపాటి థర్మాకోల్ లాంటి ఫోమ్ పలకలు బిగించండి. ఎడిసన్‌లో డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఆకాశంలో 26 డిగ్రీల ఎత్తుకే వస్తాడు, ఎండంతా దక్షిణం నుంచే. ఉత్తరం గోడ మూసినందువల్ల పోయే వెలుతురు బహు తక్కువ, ఆగే వేడి మాత్రం ఎక్కువ. మిగతా మూడు వైపులా పెద్ద బుడగల బబుల్ ర్యాప్ కడితే, కట్టిన మేర నష్టం మూడో వంతు దాకా తగ్గుతుంది. మార్చి రాగానే తీసేయండి, అప్పటికి వెలుతురు ముఖ్యం.

నల్ల డ్రమ్ముల్లో నీళ్లు పెట్టమని ఎవరో ఒకరు చెబుతారు. ముందే లెక్క చెప్పేస్తాను: 200 లీటర్ల డ్రమ్ము 10 డిగ్రీలు చల్లబడితే ఇచ్చేది 2.3 యూనిట్లు. మామూలు రాత్రికి కావలసినదానిలో పావు. అదీ పగలు ఎండకు డ్రమ్ము 17 దాకా వేడెక్కితేనే. మబ్బు పట్టిన వారంలో అది వట్టి నీళ్ల డ్రమ్మే. ఆ చోటులో నాలుగు కుండీలు పడతాయి.

లీడ్స్ తోట (ఇంగ్లండు), సెప్టెంబరు 14

డ్రమ్ము గురించి నేనే చెబుదామని వచ్చాను, మాస్టారు ముందే ఆపేశారు!

మా వైపు చలి మీ అంత కాదు, మైనస్ 5 దాటడం తక్కువ. అందుకే మా వీధిలో చాలామంది గ్రీన్‌హౌస్‌కు హీటరే పెట్టరు. జెరేనియం, ఫ్యూషియా, చామంతి, డాలియా: ఇంగ్లండు పెరళ్లలో ఏటా దాటించేవి ఇవే. వీటి పెంపకంలో ఇక్కడి ముసలివాళ్ల దగ్గర నేర్చుకున్నది ఒకటుంది. పెద్ద మొక్కను కాపాడాలని చూడరు. ఆగస్టు, సెప్టెంబరుల్లో చిన్న కొమ్మలు కోసి నాటి, ఆ చిన్న కుండీలను దాటిస్తారు. పెద్ద మొక్క చచ్చినా బాధపడరు. ఒక ట్రేలో ఇరవై మొక్కలు పట్టేచోట పెద్ద కుండీ ఒక్కటే పడుతుంది. ఎడిసన్ మల్లి గారూ, మీ ఎత్తు పెరిగిన మందారం గురించి ఒకసారి ఆలోచించండి.

జెరేనియం కొమ్మలు నాటేటప్పుడు మాత్రం ప్లాస్టిక్ కవరు కప్పవద్దు. ఆ కాండంలో నీరు నిండుగా ఉంటుంది. కోశాక కొన్ని గంటలు నీడలో ఆరనిచ్చి, ఇసుక పాలు ఎక్కువున్న మట్టిలో గుచ్చి వదిలేయాలి. కప్పితే మొదలు నల్లబడి కుళ్లుతుంది. వేరు పుట్టించే పొడి కూడా అవసరం లేదు.

కడియం పూలబండి (కడియపులంక), సెప్టెంబరు 14

అందరికీ నమస్కారమండి. నేను నర్సరీలో అంట్లు కట్టే పనిలో ఉన్నాను. మాకు గ్రీన్‌హౌస్ అంటే షేడ్ నెట్ పందిరి. మా బాధ వేడితో, మీ బాధ చలితో. అయినా కొమ్మకు వేరు రావడానికి కావలసినవి ఎక్కడైనా అవే కాబట్టి మల్లె సంగతి చెబుతాను.

మల్లెలో లేత ఆకుపచ్చ కొస పనికిరాదు, వాడిపోతుంది. బాగా ముదిరి బెరడు కట్టినదీ వద్దు, వేరు ఆలస్యం. వంచితే కొంచెం బిగువుగా అనిపించే నడిమి కొమ్మ కావాలి. ఒక జానెడు కన్నా తక్కువ పొడవు, మూడు కణుపులు. కింది కోత కణుపుకు సరిగ్గా కిందే పడాలి, వేరు పుట్టేది అక్కడే. కింది ఆకులు తీసేసి, పైన రెండు ఆకులు ఉంచి వాటినీ సగానికి కత్తిరించండి. మొగ్గ ఉంటే జాలిపడకుండా గిల్లేయండి. ఐబీఏ పొడి (వేరు పుట్టించే హార్మోను) కొంచెం అద్దితే వేర్లు ఎక్కువ వస్తాయి.

నాటడానికి కడిగిన కొబ్బరి పొట్టు, పెర్లైట్ (తేలికైన తెల్లటి గుళికలు) సగం సగం. పొట్టును కడగడం ముఖ్యమండి, అందులో ఉప్పు ఉంటుంది. ఎరువు అసలు వద్దు, వేరు లేని కొమ్మకు ఎరువు చేసే మేలు లేదు. పైన పాలిథిన్ కప్పి, రోజూ ఒకసారి తెరిచి గాలి మార్చాలి. అడుగున 21 నుంచి 24 డిగ్రీలు ఉంటే నాలుగు నుంచి ఆరు వారాల్లో వేరు పడుతుంది. మాకు ఆ వేడి ఊరికే వస్తుంది. మీకు అడుగున పెట్టే కరెంటు చాప దొరుకుతుందట కదా, అది కొనండి. ట్రే కింద వెచ్చగా, పైన కాస్త చల్లగా ఉంటే ఇంకా మంచిది. పైన చిగురు తొందరపడదు, కింద వేరు ముందు వస్తుంది.

ఇంతకన్నా తేలిక నేల అంటు. తల్లి మొక్క కొమ్మను వంచి, పక్క కుండీ మట్టిలో ఒక కణుపు దగ్గర కొద్దిగా గీరి పాతి, పైన రాయి పెట్టండి. తల్లి పాలు తాగుతూనే వేరు పోసుకుంటుంది. మూడు నాలుగు నెలలకు కోసి విడదీయవచ్చు. కానీ చలిలో అది కదలదు, మీరు మే నెలలో చేసుకోండి.

మందారానికీ ఇదే పద్ధతి. నూరువరహాలు కొంచెం మొండి. సంపెంగ ఎవరైనా అడుగుతారేమో, కొమ్మతో ప్రయత్నించి విసిగిపోకండి, మేము గాలి అంటు గానీ, గ్రాఫ్టు గానీ కడతాం.

మిషిగన్ మందారం, సెప్టెంబరు 14

పూలబండి బాబూ, ఆకులు సగానికి కత్తిరించే మాట బంగారం. ఇక్కడ అందరూ ఆకులన్నీ ఉంచి, అవి వాడిపోతే కొమ్మ చచ్చిందనుకుంటారు.

కనకం (డాలస్), సెప్టెంబరు 16

కనకాంబరం మాట వచ్చింది కాబట్టి నా పేరుకు న్యాయం చేస్తాను.

ముందు మీది ఏ రకమో చూసుకోండి. నారింజ రంగు నాటు కనకాంబరం గింజ కడుతుంది. ఎండిన కాయ తడి తగలగానే టప్పున పేలి గింజలు విసురుతుంది, చిన్నప్పుడు నీళ్లలో వేసి ఆడుకోనివారు ఉండరు. ఆ గింజలు దాచుకుంటే చాలు, ఫిబ్రవరిలో వెచ్చటి చోట చల్లితే మొలుస్తాయి. డెల్లీ కనకాంబరం అలా కాదు. దాని క్రోమోజోములు రెండేసి కాక మూడేసి ఉంటాయి, అందుకే గింజ కట్టదు. కొమ్మ నాటితేనే వంశం నిలుస్తుంది. నేలలో ఉన్న ఆ ఒక్క వరుస చలికి పోతే మీకు మళ్లీ అది దొరకదు.

కాబట్టి ఇప్పుడే, రాత్రులు 13 కిందికి పోకముందే, నాలుగంగుళాల కొస కొమ్మలు కోసి చిన్న కప్పుల్లో నాటండి. అవి గ్రీన్‌హౌస్‌లో కాదు, ఇంట్లో దీపం కింద, రోజుకు 14 గంటల వెలుతురులో. ఒక పుస్తకాల అరంత చోటు చాలు. పాత మట్టి వాడవద్దు. కనకాంబరం వేళ్లకు నులిపురుగు పడితే మొక్క పసుపెక్కి కుంగిపోతుంది, మందుతో పోదు.

మల్లె విషయంలో మాత్రం మిషిగన్ మందారం గారితో నాకు పేచీ ఉంది. నేను దానికీ దీపాలు పెట్టి, 18 డిగ్రీల్లో ఉంచి, ఎదగనిస్తాను. ఉగాదికి మొగ్గలు కోస్తాను. నిద్రపుచ్చడం దేనికి?

ఎడిసన్ మల్లి, సెప్టెంబరు 16

ఇంట్లో ఒక అర అంటే తీర్మానం సడలించినట్టే. అడిగి చూస్తాను.

మిషిగన్ మందారం, సెప్టెంబరు 17

కనకం గారూ, మీరు డాలస్‌లో కూర్చుని న్యూజెర్సీ వారికి ఆశ పెడుతున్నారు. డిసెంబరు చివర హైదరాబాదులో పగలు 11 గంటలు ఉంటుంది. ఎడిసన్‌లో తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు, అదీ వాలు ఎండ, మధ్యలో మబ్బు. వెలుతురు లేకుండా వేడి ఇస్తే మల్లె సాగుతుంది, ఎదగదు. కణుపుకూ కణుపుకూ మధ్య బెత్తెడు దూరం, పాలిపోయిన ఆకు, ఆ పొడి వెచ్చదనానికి ఎర్రనల్లి. అలాంటి కొమ్మకు పూత రాదు. వెలుతురు తగ్గినప్పుడు వేడీ నీరూ తగ్గించాలి, మూడూ కలిసి దిగాలి. నేను నమ్మేది ఇదొక్కటే.

మల్లె పూసేది కొత్త చిగురు మీద. శీతాకాలమంతా పాత కొమ్మను పోషించి ఏమిటి లాభం? 5 నుంచి 10 మధ్య ఉంచండి, మట్టి వేలి లోతున ఎండాకే నీరు పోయండి, ఫిబ్రవరి చివర సగానికి కత్తిరించండి.

కడియం పూలబండి, సెప్టెంబరు 17

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మల్లె తోటల రైతులు ఇక్కడ చేసేదీ అదేనండి. చలికాలం వచ్చేసరికి నీరు ఆపేస్తారు, ఆకు దూస్తారు. కొందరు గొర్రెలను వదిలి మేపిస్తారు. తర్వాత కొమ్మలు కత్తిరించి, ఎరువు వేసి, నీరు పెడతారు. వేసవి పూత దాని ఫలితమే. మాకు చలి చాలక నీరు ఆపి నిద్రపుచ్చుతాం, మీకు చలే ఆ పని చేసిపెడుతుంది.

కనకం, సెప్టెంబరు 17

గొర్రెల సాక్ష్యం ముందు నేను నిలవలేను. అయినా నా ఎండ నాకుంది, నా పద్ధతి నేను మానను.

లెక్కల మాస్టారు, సెప్టెంబరు 17

కనకం గారి పద్ధతికి ఎండే కాదు, కరెంటు బిల్లు కూడా కావాలి. ఆ సంగతి ఆవిడ రాయలేదు.

చిన్న చిగురు (ఒహాయో), అక్టోబరు 2

కొత్తగా చేరాను. కుండీలు ఎప్పుడు లోపలికి చేర్చాలి? మంచు పడే దాకా ఆగవచ్చా?

మిషిగన్ మందారం, అక్టోబరు 2

ఆగవద్దు. రాత్రులు 10, 12 దగ్గరికి రాగానే చేర్చండి. చామంతి బయట ఉండగలదు, తేలికపాటి మంచుకు జంకదు. చేర్చేముందు ప్రతి కుండీనీ పక్కకు వంచి ఆకు అడుగులు గొట్టంతో గట్టిగా కడగండి. తెల్లదోమ, పిండినల్లి, పేనుబంక ఒక్క జత లోపలికి వచ్చినా చాలు. లోపల వాటిని తినే పురుగులు ఉండవు, వాన ఉండదు, పండగే. వారం తేడాతో రెండుసార్లు సబ్బు నీళ్ల మందు కొట్టి, పసుపు జిగురు అట్టలు వేలాడదీయండి. గన్నేరు ఉంటే తొందరేమీ లేదు, మైనస్ 5 దాకా ఓర్చుకుంటుంది. దాని పాలు విషం, కత్తిరించేటప్పుడు చేతికి తొడుగు వేసుకోండి.

లీడ్స్ తోట, అక్టోబరు 21

డాలియాల సమయం వచ్చింది కాబట్టి రాస్తున్నాను. మొదటి మంచుకు ఆకు నల్లబడగానే కాండాన్ని బెత్తెడు ఉంచి కోసి, దుంపలు మెడ విరగకుండా గడ్డపారతో దూరం నుంచి లేపండి. తలకిందులుగా కొన్నాళ్లు ఆరబెట్టండి, ఆ బోలు కాండంలో నీరు నిలిస్తే కుళ్లు అక్కడి నుంచే. తర్వాత పొడి పీట్‌లోనో వెర్మిక్యులైట్‌లోనో పాతి, 4 నుంచి 10 డిగ్రీల చోట. నెలకోసారి చూడాలి. ముడతలు పడితే కొద్దిగా నీళ్లు చిలకరించండి, మెత్తబడినది కోసి పారేయండి.

విడదీసేటప్పుడు గుర్తుంచుకోవలసినది: కన్ను, అంటే మొలక పుట్టే మొగ్గ, దుంప మీద ఉండదు, దుంప కాండాన్ని కలిసే మెడ దగ్గర ఉంటుంది. మెడ లేని దుంప ఎంత లావుగా ఉన్నా మొలవదు. శరదృతువులో కన్ను కనబడకపోతే విడదీయకుండా మొత్తం దాచి, వసంతంలో కన్ను ఉబ్బాక కోయండి.

చామంతి పూత అయిపోయాక కొమ్మలు కోసి, మొదలు మాత్రం పెట్టెలో సర్ది గ్రీన్‌హౌస్‌లో చల్లటి మూలన పెట్టండి. ఫిబ్రవరిలో మొదట్లోంచి పిలకలు వస్తాయి, అవే మీ కొత్త మొక్కలు.

బోస్టన్ బంతి, నవంబరు 9

చామంతి మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. నా చామంతి గుబురుగా, ఆరోగ్యంగా ఉంది, ఒక్క మొగ్గా లేదు. గ్రీన్‌హౌస్‌లో దీపాలు రాత్రి 11 దాకా వెలుగుతాయి. ఎరువు లోపమా?

లీడ్స్ తోట, నవంబరు 9

దీపమే లోపం. చామంతికి పొడుగాటి, ఎడతెగని రాత్రి ఉంటేనే మొగ్గ పుడుతుంది. 11 దాకా వెలుతురు ఉంటే దానికి అది ఇంకా జూన్ నెలే. చామంతి రైతులు పూత వాయిదా వేయడానికి కావాలని అర్ధరాత్రి దీపం వేస్తారు. మీరు కావాలని అనుకోకుండానే అదే చేశారు. సాయంత్రం ఐదు నుంచి పొద్దున ఏడు దాకా దానిమీద నల్లగుడ్డ కప్పండి. రకాన్ని బట్టి రెండు మూడు నెలల్లో పూస్తుంది.

బోస్టన్ బంతి, నవంబరు 9

వీధి దీపం కూడా లెక్కలోకి వస్తుందా?

లీడ్స్ తోట, నవంబరు 10

మరీ దగ్గరగా, నేరుగా పడితే వస్తుంది. గుడ్డ కప్పితే ఆ సందేహమూ తీరుతుంది.

ఎడిసన్ మల్లి, నవంబరు 24

గ్రీన్‌హౌస్ 7 దగ్గర నిలుస్తోంది. మల్లె బాగుంది. మందారం మాత్రం రోజుకో గుప్పెడు పసుపు ఆకులు రాలుస్తోంది, కొన్ని కొమ్మలు పూర్తిగా బోడి. నీరు తక్కువైందేమోనని రోజూ పోస్తున్నాను.

మిషిగన్ మందారం, నవంబరు 24

రోజూ పోయడం వెంటనే ఆపండి! 10 కంటే తగ్గితే మందారం ఆకు రాల్చడం సహజం. ఆకు లేని మొక్క నీరు తాగదు, పోసిన నీరంతా చల్లటి బురదై వేరును కుళ్లబెడుతుంది. చలికాలంలో కుండీ మొక్కలు చచ్చేది చలితో కన్నా తడితో ఎక్కువ. కుండీ ఎత్తి చూడండి, తేలికగా అనిపిస్తేనే పోయండి. అదీ పొద్దుటిపూట, గోరువెచ్చటి నీరు.

బతికి ఉందో లేదో అనుమానం వస్తే గోటితో బెరడు గీరండి. కింద ఆకుపచ్చగా, తడిగా ఉంటే బతికే ఉంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఇంకా కిందికి దిగి గీరండి. మొదట్లో పచ్చదనం ఉన్నంత వరకు కుండీ పారేయకండి.

ఎడిసన్ మల్లి, నవంబరు 25

గీరాను. అన్నీ పచ్చగానే ఉన్నాయి. మనసు కుదుటపడింది.

ఎడిసన్ మల్లి, డిసెంబరు 15

ఇంకో వింత. బయట మంచు పేరుకుని ఉంది, మైనస్ 2. ఎండ కాసింది. మధ్యాహ్నం తలుపు తెరిస్తే లోపల 31 డిగ్రీలు! రాత్రి మళ్లీ 7. మొక్కలకు ఇది మంచిదేనా? పైగా పలకల లోపలి వైపు నీళ్లు కారుతున్నాయి, నందివర్ధనం ఆకుల మీద బూడిద రంగు బూజు.

లెక్కల మాస్టారు, డిసెంబరు 15

మంచిది కాదు. పైకప్పుకు ఉన్న కిటికీకి మైనం సిలిండరు ఓపెనరు బిగించండి. లోపల వేడెక్కితే మైనం ఉబ్బి కిటికీని తోస్తుంది, చల్లబడితే స్ప్రింగు మూస్తుంది. కరెంటు అవసరం లేదు. మీరు ఆఫీసులో ఉన్నప్పుడు ఎండ వచ్చినా భయం ఉండదు. హీటరు మీద ఆధారపడుతున్నారు కాబట్టి ఉష్ణోగ్రత పడిపోతే ఫోనుకు కబురు పంపే థర్మామీటరు కూడా పెట్టుకోండి. కరెంటు పోయేది ఎప్పుడూ అతి చల్లని రాత్రే.

లీడ్స్ తోట, డిసెంబరు 15

ఆ బూజు బోట్రైటిస్. నిలిచిన తడిగాలిలో, రాలిన ఆకు మీద మొదలై బతికిన ఆకుకు పాకుతుంది. రాలినవన్నీ ఏరేయండి, కుండీల మధ్య చెయ్యి దూరేంత సందు ఉంచండి, చిన్న ఫ్యాను ఒకటి రాత్రింబవళ్లు తిరగనివ్వండి. ఎండ ఉన్న మధ్యాహ్నం ఒక గంట కిటికీ తెరవండి. వేడి పోతుందని జంకకండి, తడి పోవడం అంతకన్నా ముఖ్యం.

చిన్న చిగురు, జనవరి 18

వచ్చే వారం మా దగ్గర మైనస్ 20 అంటున్నారు. గ్రీన్‌హౌస్‌లో కిరోసిన్ హీటరు పెట్టి తలుపులన్నీ బిగిద్దామని ఆలోచన.

లెక్కల మాస్టారు, జనవరి 18

బిగించకండి. దయచేసి. గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన ఉండదు, తెల్లవారి తలుపు తీసి లోపలికి వెళ్లే మనిషికి ప్రమాదం. సరిగా మండని మంట నుంచి ఎథిలీన్ అనే వాయువు కూడా వస్తుంది, అది కొంచెం తగిలినా మొగ్గలు రాలిపోతాయి. లీటరు కిరోసిన్ కాలితే లీటరు పైచిలుకు నీరు ఆవిరిగా లోపలే చేరుతుంది, మళ్లీ బూజు. తప్పనిసరైతే పై కిటికీ సందు ఉంచి, లోపలికి వెళ్లేముందు తలుపు తెరిచి కాసేపు ఆగండి.

నా సలహా వేరు. ఆ రెండు మూడు రాత్రులకు కుండీలన్నింటినీ మధ్యకు చేర్చి, వాటిమీద మొక్కలకు కప్పే తెల్లటి పలచటి గుడ్డ రెండు పొరలు కప్పండి. ఎలక్ట్రిక్ హీటరు ఆ గుడ్డ దగ్గరికి రాకుండా చూడండి. అతి సుకుమారమైనవి గరాజులోకి. చీకట్లో కొన్ని రోజులు ఉన్నా నష్టం లేదు.

చిన్న చిగురు, జనవరి 26

గుడ్డ, గరాజు. అంతా బతికింది. బోగన్‌విలియా మాత్రం ఆకు మొత్తం రాల్చింది.

మిషిగన్ మందారం, జనవరి 26

బోగన్‌విలియా రాల్చకపోతే ఆశ్చర్యపోవాలి. పొడిగా వదిలేయండి.

బోస్టన్ బంతి, ఫిబ్రవరి 8

వచ్చే నెల రాజమండ్రి వెళుతున్నాను. పూలబండి గారి ఊరు పక్కనే. మల్లె అంట్లు సూట్‌కేసులో తెచ్చుకోవచ్చా?

కనకం, ఫిబ్రవరి 8

ఊరికే తేలేరు. మట్టి రేణువు ఉన్నా విమానాశ్రయంలో ఆపేస్తారు. వేళ్లు కడిగి, మన దేశంలో మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం తీసుకుని, ఇక్కడ దిగగానే ప్రకటించాలి. పన్నెండు మొక్కలు దాటితే ముందే అనుమతి కూడా కావాలి. కరివేపాకు సంగతి మరచిపోండి, నిమ్మ జాతికి తెగులు తెచ్చే పురుగు దానిమీద బతుకుతుంది, నిబంధనలు చాలా గట్టివి. మల్లెకు ఆ ప్రయాస దేనికి? ఎడిసన్ మల్లి గారి కొమ్మలు వేరు పోసుకున్నాయేమో అడగండి.

కడియం పూలబండి, ఫిబ్రవరి 9

అంటు తీసుకెళ్లకపోయినా ఊరు చూడటానికి రండి. నేల అంటు కట్టడం చేత్తో చూపిస్తాను, రాస్తే సగమే అర్థమవుతుంది.

ఎడిసన్ మల్లి, మార్చి 2

కనకం గారూ, పోసుకున్నాయి. కరెంటు చాప మీద పెట్టిన మల్లె కొమ్మల్లో ఎక్కువ భాగం నిలిచాయి. మందారం కొమ్మల్లో సగం పోయాయి. డెల్లీ కనకాంబరం కప్పులు ఇంట్లో అర మీద ఉన్నాయి, ఒకటి పూసింది కూడా, దాంతో తీర్మానం గురించి ఎవరూ మాట్లాడటం లేదు. మల్లెను సగానికి కత్తిరించాను. బోస్టన్ బంతి గారికి రెండు కుండీలు పక్కన పెట్టాను.

డాలియా దుంపలకు బేస్‌మెంట్‌లోనే తెల్లటి మొలకలు వచ్చేశాయి. గిల్లేయాలా?

లీడ్స్ తోట, మార్చి 2

గిల్లి పారేయకండి, అవే కొత్త మొక్కలు! దుంపను తడి మట్టిలో సగం పాతి గ్రీన్‌హౌస్‌లో వెలుతురుకు తెండి. మొలక ఆకుపచ్చగా మారి వేలెడు పొడవు కాగానే, మెడ దగ్గర దుంప ముక్క చిన్నది అంటుకునేలా పదునైన కత్తితో కోసి, చిన్న కప్పులో నాటి కవరు కప్పండి. రెండు మూడు వారాల్లో వేరు వస్తుంది. దుంప మళ్లీ మొలకలు వేస్తుంది, మళ్లీ కోయవచ్చు.

ఎడిసన్ మల్లి, ఏప్రిల్ 20

రాత్రులు 6, 7 ఉంటున్నాయి. ఇక బయట పెట్టేయనా?

మిషిగన్ మందారం, ఏప్రిల్ 20

మే రెండో ఆదివారం దాకా ఓపిక పట్టండి, మీ ప్రాంతంలో ఏప్రిల్ చివర కూడా మంచు పడుతుంది. అప్పుడైనా ఒక్కసారిగా ఎండలోకి వద్దు. పలక వెనక పెరిగిన ఆకు నేరుగా ఎండ తగిలితే తెల్లగా మాడుతుంది. ముందు నీడలో, గాలి తక్కువ ఉన్న గోడ పక్కన, తర్వాత పొద్దుటి ఎండ, ఆ తర్వాతే రోజంతా. కనకాంబరం చివరగా, రాత్రులు 13 దాటాక.

ఎడిసన్ మల్లి, ఏప్రిల్ 20

సరే. ఇంకొక్కటి, లీడ్స్ తోట గారూ. కొమ్మతో కట్టిన డాలియాకు దుంప కడుతుందా, లేక శరదృతువులో తవ్వడానికి ఏమీ ఉండదా?

లీడ్స్ తోట, ఏప్రిల్ 21

కడుతుంది, అదే ఏడాది. కొంచెం చిన్నది, కానీ దాచుకోవడానికి సరిపోతుంది. నాటిన ప్రతిదానికీ రకం పేరు రాసిన చీటీ కట్టండి. దుంపలన్నీ ఒకేలా ఉంటాయి.